వాము నూనె బూజును ఎంతవరకు ఆపుతుంది? డిగ్రీ ల్యాబ్‌లో తేల్చుకునే పద్ధతి

బీఎస్సీ మైక్రోబయాలజీ, బోటనీ చదివేవాళ్లు ప్రాజెక్టు కోసం ఎక్కువగా ఎంచుకునే అంశాల్లో సుగంధ తైలాలు ఒకటి. బజార్లో లవంగ నూనె, నీలగిరి తైలం, నిమ్మగడ్డి నూనె కొనుక్కొస్తారు. కాగితం బిళ్లలు వాటిలో ముంచి, బూజు నాటిన అగార్ ప్లేటు (బూజు పెరగడానికి జెల్లీ లాంటి ఆహారం పోసిన పళ్లెం) మీద పెడతారు. బిళ్ల చుట్టూ బూజు పెరగని ఖాళీ ఎన్ని మిల్లీమీటర్లు వచ్చిందో కొలిచి, "ఈ నూనెకు యాంటీఫంగల్ (బూజును ఆపే) గుణం ఉంది" అని రాసి బైండింగ్ చేయిస్తారు.

నాకు ఈ పద్ధతి మీద రెండు అభ్యంతరాలు ఉన్నాయి. ఈ నూనెలు నీళ్లలో కరగవు కాబట్టి అగార్‌లో సరిగా పాకవు, పైగా గంటల్లో ఆవిరైపోతాయి. ఖాళీ చిన్నగా వచ్చినంత మాత్రాన నూనెకు బలం లేదని చెప్పలేం. ఇంకా పెద్ద అభ్యంతరం ఏమిటంటే, సీసాలో అసలు ఏ రసాయనం ఎంత ఉందో చూడకుండానే పరీక్ష మొదలుపెడుతున్నారు. బూజును ఆపేది సీసా మీదున్న పేరు కాదు, లోపలున్న అణువులు, వాటి మోతాదు. ఈ రెండూ చేతికి దొరికేలా ప్రాజెక్టు ఎలా చేయాలో వాము నూనెను పట్టుకుని చెబుతాను. కర్నూలు ప్రాంతంలో వాము బాగా పండుతుంది, ఏ కిరాణా కొట్లో అయినా దొరుకుతుంది, నూనె కూడా తేలిగ్గానే దిగుతుంది.

ముందుగా, ఏ నూనెలో ఏముంటుంది

సుగంధ తైలం అంటే ఒక్క పదార్థం కాదు. పదుల సంఖ్యలో రసాయనాలు కలిసిన మిశ్రమం. అందులో రెండు మూడు మాత్రమే పెద్ద వాటాలో ఉంటాయి. వాము నూనెలో థైమాల్, గామా-టెర్పినీన్, పి-సైమీన్ ముఖ్యమైనవి. థైమాల్ సాధారణంగా 35 నుంచి 60 శాతం వరకు ఉంటుంది. లవంగ నూనెలో యూజినాల్ 70 నుంచి 90 శాతం. నిమ్మగడ్డి నూనెలో సిట్రాల్ 70 నుంచి 85 శాతం. ఈ సిట్రాల్ కూడా గెరానియాల్ (geranial), నెరాల్ (neral) అనే రెండు రూపాల జంట. మామూలు నీలగిరి తైలంలో ఎక్కువ భాగం 1,8-సినియోల్.

వీటిని గుంపులుగా చూస్తే పని తీరు అర్థమవుతుంది. థైమాల్, యూజినాల్ ఫీనాల్ జాతివి. బెంజీన్ వలయానికి అతుక్కున్న హైడ్రాక్సిల్ గ్రూపు వల్ల ఇవి బూజు కణం పొరలోకి దూరి దాన్ని కారేలా చేస్తాయి. ఆ పొరలో మన కణాల్లో ఉండే కొలెస్టరాల్ బదులు ఎర్గోస్టెరాల్ ఉంటుంది. దాని తయారీని కూడా థైమాల్ లాంటివి దెబ్బతీస్తాయి. సిట్రాల్, దాల్చినచెక్క నూనెలోని సిన్నమాల్డిహైడ్ ఆల్డిహైడ్లు. ఇవి ప్రోటీన్లలోని అమైనో, థయోల్ గ్రూపులతో నేరుగా చర్య జరుపుతాయి. ఆక్సిజన్ లేని ఉత్త హైడ్రోకార్బన్లు, అంటే లిమోనీన్, పి-సైమీన్ లాంటివి, ఒంటరిగా చాలా బలహీనం. సినియోల్ కూడా బూజు మీద అంత ప్రభావం చూపదు. అందుకే ఘాటైన వాసన వేసే నీలగిరి తైలం పరీక్షలో లవంగ నూనె కంటే ఎంతో వెనకబడుతుంది.

ప్రాజెక్టులో నీలగిరి తైలాన్ని కూడా పెట్టుకోమని నా సలహా. బలహీనమైన నూనె ఒకటి పక్కన ఉంటేనే మీ పద్ధతి బలాబలాలను వేరు చేయగలదో లేదో తెలుస్తుంది.

1. నూనె తీయడం

దీనికి నీటి ఆవిరితో నూనె తీసే క్లెవెంజర్ పరికరం కావాలి. 1928 నుంచి వాడుకలో ఉన్న గాజు సామాను ఇది. కెమిస్ట్రీ విభాగంలోనో దగ్గర్లోని ఫార్మసీ కాలేజీలోనో దొరుకుతుంది. 100 గ్రాముల వామును అప్పటికప్పుడు కచ్చాపచ్చాగా దంచండి. మెత్తగా పొడి చేస్తే మిక్సీ వేడికే కొంత నూనె ఎగిరిపోతుంది, ఫ్లాస్కులో ముద్ద కట్టి పొంగుతుంది కూడా. రెండు లీటర్ల గుండ్రటి ఫ్లాస్కులో 700 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, నాలుగైదు గాజు ముక్కలు వేసి, మూడు గంటలు సన్నగా మరిగించండి. మంచి గింజల నుంచి రెండు నుంచి నాలుగు మిల్లీలీటర్ల నూనె వస్తుంది. ఏడాది నిలవున్న గింజలైతే తగ్గుతుంది.

కొలత గొట్టంలో నూనె నీటి మీద తేలుతుంది. లవంగంతో చేస్తే నూనె నీటికంటే బరువు, కిందికి దిగుతుంది. దానికి వేరే రకం కొలత గొట్టం అడగాలి. తీసిన నూనెలో చిటికెడు నీరులేని సోడియం సల్ఫేట్ వేసి తడి తీసేయండి. చిన్న ముదురు గోధుమరంగు సీసాలో, పైన గాలికి చోటు లేకుండా నింపి ఫ్రిజ్‌లో పెట్టండి. గాలి తగిలితే సిట్రాల్, టెర్పినీన్‌లు ఆక్సిజన్‌తో కలిసి మారిపోతాయి.

ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. థైమాల్ 50 డిగ్రీల దగ్గర కరిగే పదార్థం. మంచి వాము నూనెను ఫ్రిజ్‌లో పెడితే కొన్నిసార్లు అడుగున తెల్లటి పలుకులు కడతాయి. మందుల కొట్లలో వామపువ్వు అని అమ్మేది ఇదే థైమాల్. పలుకులు అలాగే ఉండగా పైనున్న ద్రవాన్ని పిపెట్‌తో తీశారంటే, థైమాల్ చాలావరకు సీసాలోనే వదిలేసి పి-సైమీన్, టెర్పినీన్ పట్టుకుపోయినట్టే. అదే సీసాలోంచి సోమవారం తీసిన నూనెకూ గురువారం తీసిన నూనెకూ ఫలితం తేడా వచ్చి ఎక్కడ లేని టెన్షన్ పడతారు. వాడే ముందు ప్రతిసారీ సీసా మూత గట్టిగా బిగించి 50 డిగ్రీలు దాటిన వేడి నీళ్లలో ఉంచండి, పలుకులు పూర్తిగా కరిగాక తిప్పి కలిపి అప్పుడు తీయండి.

2. సీసాలో ఉన్నది అదేనా?

కొన్న నూనెలకు ఇది తప్పనిసరి. ఫిల్టర్ కాగితం మీద ఒక బొట్టు వేసి గాలికి వదిలేయండి. స్వచ్ఛమైన సుగంధ తైలం ఒక రోజులో దాదాపు ఆనవాలు లేకుండా పోతుంది. జిడ్డు మరక మిగిలిందంటే కొబ్బరి నూనో పొద్దుతిరుగుడు నూనో కలిపారన్నమాట. ఆల్కహాల్, తేలిగ్గా ఎగిరిపోయే ద్రావకాలు కలిపితే మాత్రం ఈ పరీక్షకు దొరకవు. లవంగ నూనెను నీళ్లలో వేస్తే మునగాలి.

అసలు పరీక్ష, నూనెలోని రసాయనాలను విడివిడి మచ్చలుగా చూపే పలుచటి పొర క్రోమటోగ్రఫీ, అంటే టీఎల్‌సీ. సిలికా ప్లేటు అడుగున ఒక గీత గీసి, టొలీన్‌లో పదోవంతుకు పలచన చేసిన నూనెను ఒక చుక్క, దాని పక్కన వామపువ్వు ద్రావణం ఒక చుక్క పెట్టండి. టొలీన్ 93 భాగాలు, ఇథైల్ అసిటేట్ 7 భాగాలు కలిపిన ద్రావకంలో నడిపించండి. ఆరాక వెనిలిన్-సల్ఫ్యూరిక్ ఆమ్లం చల్లి 105 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు ఉంచండి. వాము నూనె గీతలో, వామపువ్వు ఎంత ఎత్తులో ఉందో సరిగ్గా అంతే ఎత్తులో, అదే ఎరుపు ఛాయ మచ్చ రావాలి. లవంగ నూనె నడిపితే యూజినాల్ పసుపు కలిసిన గోధుమరంగులో, నిమ్మగడ్డి సిట్రాల్ నీలి ఊదా రంగులో కనపడతాయి. చల్లడం ఫ్యూమ్ హుడ్‌లోనే చేయండి. ఆ ఆమ్లపు తుంపర కళ్లలో పడితే చాలా ప్రమాదం.

యూనివర్సిటీ ల్యాబ్‌లో గ్యాస్ క్రోమటోగ్రఫీ చేయించుకునే వీలుంటే తప్పకుండా చేయించండి. వాళ్లిచ్చే శాతం గ్రాఫులో ఒక్కో రసాయనానికి వచ్చే శిఖరం (పీక్) వైశాల్యం శాతం. దాన్ని బరువు శాతంగా రాయకండి.

3. ఏ బూజు?

వేరుశనగలో అఫ్లాటాక్సిన్ విషాన్ని తయారుచేసే ఆస్పర్జిల్లస్ ఫ్లావస్‌తో చేస్తే ప్రాజెక్టుకు విలువ ఎక్కువని చాలామంది దాని వైపే మొగ్గుతారు. డిగ్రీ ల్యాబ్‌లో అది వద్దు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోవడానికి కారణమైన విషం అది. ఆ బూజు బీజాలు పీల్చే పరిస్థితి పిల్లలకు రాకూడదు. ఆస్పర్జిల్లస్ నైగర్ తీసుకోండి. ఇదీ మన పొలాలదే: వేరుశనగ మొలకల్లో మొదలు కుళ్లు తెగులు తెచ్చేది ఇదే. గుర్తింపు ఉన్న కల్చర్ చండీగఢ్‌లోని ఎంటీసీసీ అనే సూక్ష్మజీవుల కల్చర్ల కేంద్రం నుంచి తెప్పించుకుంటే నంబరుతో సహా రాయొచ్చు. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని ముట్టుకోకండి. మిగతావాళ్లకు మాస్కు, గ్లవ్స్ తప్పనిసరి.

రొట్టె మీద పెరిగే రైజోపస్ తేలిగ్గా దొరుకుతుంది గానీ ఈ పనికి పనికిరాదు. రెండు రోజుల్లో ప్లేటంతా నిండిపోతుంది, ఇక కొలవడానికి అంచు మిగలదు.

4. నూనె కలిపిన ప్లేట్లు పోయడం

నూనెను అగార్‌లోనే కలిపేసి దాని మీద బూజు పెంచుతాం. ఇంగ్లిషులో దీన్ని పాయిజన్డ్ ఫుడ్ పద్ధతి అంటారు. పొటాటో డెక్స్ట్రోజ్ అగార్ లీటరుకు బంగాళదుంపలు 200 గ్రాములు, డెక్స్ట్రోజ్ 20, అగార్ 15 నుంచి 20 గ్రాములు. దాన్ని 60 మిల్లీలీటర్ల చొప్పున చిన్న ఫ్లాస్కుల్లో పోసి 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఆటోక్లేవ్ చేయండి (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపండి). ఒక్కో ఫ్లాస్కు మూడు ప్లేట్లకు సరిపోతుంది.

నూనె అగార్‌లో కలవడానికి ట్వీన్-80 (నూనెను నీళ్లలో కలిసేలా చేసే ద్రవం) సాయం కావాలి. రెండు ద్రావణాలు సిద్ధం చేసుకోండి. మొదటిది నూనె ద్రావణం: నూనె 1 మిల్లీలీటరు, ట్వీన్-80 అర మిల్లీలీటరు, స్టెరైల్ నీళ్లు కలిపి మొత్తం 10 మిల్లీలీటర్లు. రెండోది ఖాళీ ద్రావణం: ట్వీన్-80 అర మిల్లీలీటరు, నీళ్లతో మొత్తం 10 మిల్లీలీటర్లు. నూనె ద్రావణం పాలలా తెల్లబడేదాకా వర్టెక్స్ (గొట్టాన్ని వేగంగా కదిపే యంత్రం) మీద కలపండి.

ఒక్కో ఫ్లాస్కులో ఈ రెండూ కలిపి సరిగ్గా 0.6 మిల్లీలీటర్లు పడాలి. మిల్లీలీటరు అగార్‌కు 1 మైక్రోలీటరు నూనె కావాలంటే మొత్తం 0.6 నూనె ద్రావణమే. 0.5 కావాలంటే నూనె ద్రావణం 0.3, ఖాళీది 0.3. 0.25 కావాలంటే 0.15, 0.45. 0.125 కావాలంటే 0.075, 0.525. కంట్రోల్‌లో, అంటే పోలిక కోసం నూనె లేకుండా చేసే ప్లేట్లలో, 0.6 అంతా ఖాళీదే. ఇలా చేస్తే అన్ని ప్లేట్లలోనూ ట్వీన్-80 ఒకేలా 0.05 శాతం ఉంటుంది. దీన్ని పట్టించుకోకపోతే పరీక్ష మొత్తం పాడవుతుంది, ఎందుకంటే ట్వీన్-80 ఫీనాల్ అణువులను తనలో పట్టి ఉంచి వాటి బలాన్ని తగ్గిస్తుంది. ఒక ప్లేటులో ఎక్కువ, ఇంకో ప్లేటులో తక్కువ ఉంటే మీరు కొలిచేది నూనె ప్రభావమా, ట్వీన్ ప్రభావమా చెప్పలేరు.

అగార్ 45 నుంచి 50 డిగ్రీలకు చల్లారాక, అంటే ఫ్లాస్కును చెంపకు ఆనిస్తే ఓర్చుకోగలిగేంత వేడిలో, ద్రావణం వేసి నురగ రాకుండా గుండ్రంగా తిప్పండి. వెంటనే 20 మిల్లీలీటర్ల చొప్పున పోయండి. మరీ వేడిగా ఉన్నప్పుడు వేస్తే నూనె ఆవిరైపోతుంది, ఆలస్యం చేస్తే పైకి తేలిపోతుంది. పోసిన ప్లేటును వెలుతురుకు ఎత్తి చూడండి. చిన్న నూనె బొట్లు మెరుస్తుంటే ఆ ప్లేటు పక్కన పెట్టేయండి.

5. నాటడం, కొలవడం

మూడు రోజుల కల్చర్ అంచు నుంచి, ఇంకా నల్లబడని తెల్లటి భాగంలోంచి 5 మిల్లీమీటర్ల కార్క్ బోరర్‌తో బిళ్లలు తీయండి. నల్లబడిన చోట తీస్తే బీజాలు రాలి ప్లేటంతా చుక్కలు చుక్కలుగా మొలుస్తాయి. బిళ్లను బూజు వైపు అగార్‌కు ఆనేలా మధ్యలో బోర్లించండి. పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టి 28 డిగ్రీల దగ్గర పెట్టండి. ఒక్కో నూనెను విడి డబ్బాలో ఉంచండి. అన్నీ ఒకే ఇంక్యుబేటర్ అరలో పెడితే ఒకదాని ఆవిరి ఇంకోదానికి తగిలి కంట్రోల్ కూడా చిక్కిపోతుంది.

రోజూ ఒకే సమయానికి, ఒకదానికొకటి లంబంగా రెండు దిశల్లో వ్యాసం కొలిచి సగటు రాయండి. కంట్రోల్ ప్లేటు అంచును తాకబోయే ముందు రోజు కొలతతో లెక్క వేయండి. కంట్రోల్ వ్యాసంలోంచి, నూనె ప్లేటు వ్యాసంలోంచి ముందు బిళ్ల 5 మిల్లీమీటర్లు తీసేయాలి. ఉదాహరణకు కంట్రోల్ 78, నూనె ప్లేటు 31 అనుకుందాం. 73 లోంచి 26 తీస్తే 47. దాన్ని 73తో భాగించి వందతో గుణిస్తే 64.4 శాతం నిరోధం.

రోజువారీ కొలతలు పారేయకండి. కొన్ని మోతాదుల్లో బూజు రెండు మూడు రోజులు కదలకుండా ఉండి, నూనె ఆవిరవుతున్న కొద్దీ మామూలు వేగంతో పెరుగుతుంది. ఏడో రోజు సంఖ్య ఒక్కటే రాస్తే ఆ కథ అంతా పోతుంది.

అసలు పెరగని బిళ్లలను తీసి నూనె లేని కొత్త ప్లేటు మీద పెట్టండి. పెరిగితే నూనె దాన్ని ఆపింది, అంతే. వారం దాకా పెరగకపోతే చంపింది. ఈ రెండూ ఒకటి కాదు, రిపోర్టులో విడివిడిగా రాయాలి.

6. నూనె పనా, థైమాల్ పనా?

ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. రసాయన కూర్పును, బూజు మీద ప్రభావాన్ని నేరుగా కలిపేది ఇదే కాబట్టి.

మీ నూనె బరువులో థైమాల్ 45 శాతం అని తేలిందనుకోండి. మైక్రోలీటరు వాము నూనె బరువు దాదాపు 0.91 మిల్లీగ్రాములు. అంటే మిల్లీలీటరు అగార్‌కు 1 మైక్రోలీటరు నూనె వేసిన ప్లేటులో థైమాల్ 0.41 మిల్లీగ్రాములు ఉంది. వామపువ్వు తూచి, కొంచెం ఇథనాల్‌లో కరిగించి, ట్వీన్‌తో కలిపి సరిగ్గా అంతే థైమాల్ ఉండేలా ఇంకో ప్లేటు చేయండి. అంతే ఇథనాల్ వేసిన విడి కంట్రోల్ కూడా ఉండాలి. సగం, పావు మోతాదుల్లోనూ ఇదే జంట నడపండి.

రెండూ ఒకేలా ఆపితే పని మొత్తం థైమాల్‌దే. నూనె ఎక్కువ ఆపితే, ఒంటరిగా బలహీనమైన పి-సైమీన్, టెర్పినీన్ ఏదో సాయం చేస్తున్నాయన్నమాట. పి-సైమీన్ కణం పొరను ఉబ్బించి, థైమాల్‌కు తోబుట్టువు లాంటి కార్వక్రాల్‌కు దారి సులువు చేస్తుందని బ్యాక్టీరియాలో చూశారు. నూనె తక్కువ ఆపితే ముందు పిపెట్ తీసే విధానాన్ని, సీసాలో మిగిలిన పలుకులను అనుమానించండి. ఫలితం ఎటు వచ్చినా దాంట్లో చెప్పుకోదగ్గ విషయం ఉంటుంది.

7. ఆవిరి పరీక్ష

గోదాములో గింజలకు నూనె పూయరు, దాని ఆవిరి తగులుతుంది. కాబట్టి నూనె కలపని అగార్ ప్లేటులో బిళ్ల నాటి, ప్లేటును బోర్లించి, మూత లోపల ఫిల్టర్ కాగితం ముక్క మీద నూనె వేయండి. 90 మిల్లీమీటర్ల ప్లేటులో 20 మిల్లీలీటర్ల అగార్ పోశాక సుమారు 60 మిల్లీలీటర్ల గాలి మిగులుతుంది. 6, 15, 30 మైక్రోలీటర్లు వేస్తే గాలి మిల్లీలీటరుకు 0.1, 0.25, 0.5 అవుతుంది. అగార్‌లో గెలిచిన వరుసే ఆవిరిలోనూ రావాలని లేదు. యూజినాల్ నెమ్మదిగా ఆవిరవుతుంది, సిట్రాల్ దానికంటే త్వరగా.

8. గింజల మీద

ఇక్కడిదాకా వచ్చినవాళ్లు వేరుశనగ విత్తనాలతో ఒక్క అడుగు ముందుకు వేయండి. 500 మిల్లీలీటర్ల గాజు సీసాలో 100 గ్రాముల విత్తనాలు పోసి, మూతకు వేలాడేలా దూదిలో 50 లేదా 250 మైక్రోలీటర్ల నూనె పెట్టి వారం మూసి ఉంచండి. నూనె లేని సీసా ఒకటి పక్కన పెట్టండి. తర్వాత ఒక్కో సీసా నుంచి 100 విత్తనాలు లెక్కపెట్టి, తడిపిన మూడు పొరల బ్లాటర్ (నీళ్లు పీల్చే) కాగితం మీద ప్లేటుకు పది చొప్పున పరిచి ఏడు రోజులు ఉంచండి. బూజు పట్టినవెన్ని, మొలిచినవెన్ని, రెండు వరుసల్లో రాయండి.

ఈ రెండో వరుసను చాలామంది వదిలేస్తారు. బూజు కణాన్ని దెబ్బతీసే థైమాల్, సిట్రాల్ మొలక కణాన్ని కూడా వదలవు. మోతాదు పెరిగితే విత్తనం మొలవదు. మన దేశంలో ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికి కనీస మొలక 70 శాతం. బూజును పూర్తిగా ఆపిన మోతాదులో మొలక అంతకంటే కిందికి పడితే, ఆ మోతాదు విత్తనానికి పనికిరాదని స్పష్టంగా రాయండి. తినే గింజల విషయంలో ఇంకో హద్దు ఉంది: నూనె కొత్త బూజును ఆపినా, అప్పటికే గింజలో చేరిన అఫ్లాటాక్సిన్‌ను తీసేయదు, వేయించినా అది పూర్తిగా పోదు. పరీక్షకు వాడిన గింజలను ఎవరూ నోట్లో వేసుకోకూడదు.

చిక్కటి నూనె చర్మం మీద పడితే మండుతుంది. ముందు వంటనూనెతో తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. పరీక్షలో బాగా పనిచేసిందని తామర మీద రాసుకోవద్దు, మింగవద్దు. ముఖ్యంగా నీలగిరి తైలం చిన్నపిల్లల కడుపులోకి పోతే ఫిట్స్ వస్తాయి, దాన్ని ల్యాబ్ దాటి ఇంటికి తీసుకెళ్లకండి. ప్లేట్లన్నీ పారాఫిల్మ్ విప్పకుండానే ఆటోక్లేవ్ సంచిలో వేసి 121 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, ఆ తర్వాతే పారేయండి. మొలకల బ్లాటర్లకూ ఇదే పద్ధతి.